ఆసుపత్రి గడప తొక్కని కన్ను ఎవరి బాధ్యత?

ఏ పెద్ద కంటి ఆసుపత్రి వార్షిక నివేదిక తిరగేసినా మొదటి పేజీలోనే ఓ అంకె మెరుస్తూ ఉంటుంది: ఈ ఏడాది ఇన్ని వేల శుక్లాల ఆపరేషన్లు చేశాం అని. గొప్ప సంగతే, కాదనలేం. కానీ చిన్నప్పుడు భిన్నాలు నేర్పిన లెక్కల మాస్టారు ఆ పేజీ చూస్తే ఒకటే అడుగుతారు: "లవం చెప్పావు సరే, హారం ఏదిరా?"

చేసిన ఆపరేషన్లు లవం. ఆ ప్రాంతంలో మొత్తం ఎంతమందికి ఆపరేషన్ కావాలన్నది హారం. హారం 12 వేలైతే, 10 వేల ఆపరేషన్లు చేసిన ఆసుపత్రి దాదాపు పని ముగించినట్టే. అదే లక్ష అయితే ఇంకా 90 వేల మంది గోడ పట్టుకుని నడుస్తున్నారన్నమాట. నివేదికలో మాత్రం రెండు ఆసుపత్రులూ ఒకేలా కనిపిస్తాయి.

ఎదురు కుర్చీలో కూర్చున్న రోగిని చూసే డాక్టరుకు ఈ హారంతో పని పడదు. రోజంతా వచ్చినవాళ్లను చూడటానికే సరిపోతుంది, అందులో తప్పేమీ లేదు. ఆ కుర్చీ దాకా రాని కళ్లెన్ని, ఎందుకు రాలేదు, రావాలంటే ఏం చేయాలి అని ఆలోచించడానికి కంటి వైద్యంలో విడిగా ఒక శాఖ ఉంది. దాని పేరు కమ్యూనిటీ ఆఫ్తాల్మాలజీ. తెలుగులో సామాజిక నేత్ర వైద్యం అనుకోవచ్చు.

ఇంతకీ ఈ శాఖ అవసరం ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అక్టోబరులో చూపు మీద ఓ ప్రపంచ నివేదిక వెలువరించింది. దాని ప్రకారం కనీసం 220 కోట్ల మందికి దగ్గరి చూపులోనో దూరపు చూపులోనో లోపం ఉంది. వారిలో కనీసం 100 కోట్ల మందిది రాకుండా ఆపగలిగిన లోపమో, వచ్చాక సరిచేయగలిగి ఉండీ ఇంకా సరిచేయని లోపమో. ఈ 100 కోట్లలో పెద్ద వాటా దేనిదో తెలిస్తే కాస్త సిగ్గేస్తుంది. చత్వారం వచ్చి కళ్లజోడు లేనివాళ్లే 82 కోట్ల 60 లక్షలు. దూరపు చూపుకు అద్దాలు కావలసినవాళ్లు 12 కోట్ల పైన. శుక్లాలతో ఉన్నవాళ్లు ఆరున్నర కోట్లు. కళ్లజోడు మనిషికి తెలిసి ఏడు వందల ఏళ్లు దాటింది. శుక్లం తీసి కంట్లో కృత్రిమ కటకం పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టాడు. వైద్యానికి తెలియని జబ్బంటూ ఈ జాబితాలో ఏదీ లేదు. తెలిసిన వైద్యం మనిషికి చేరకపోవడమే అసలు జబ్బు.

పేరొకటే, మనుషులు ముగ్గురు

గందరగోళమంతా పేరు దగ్గరే మొదలవుతుంది. కమ్యూనిటీ కంటి డాక్టరు అనగానే ఎక్కువమందికి తట్టేది శిబిరం డాక్టరు. బడి వరండాలో వరసగా కూర్చోబెట్టి, టార్చి వేసి కళ్లు చూసి, శుక్లాలున్నవాళ్ల పేర్లు రాసుకుని, బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి. మంచి పనే. కానీ అది ఆసుపత్రి చేయి కాస్త చాచడం, అంతే.

రెండో మనిషి ఆసుపత్రికి బయట, ఇళ్లకు దగ్గరలో మొదటి స్థాయి కంటి పరీక్ష చేసేవారు. బ్రిటన్ లాంటి చోట్ల కమ్యూనిటీ అనే మాటను ఎక్కువగా వీళ్లకే వాడతారు: నీటికాసుల జబ్బు (గ్లకోమా) అదుపులో ఉన్నవాళ్లను ఆసుపత్రికి రప్పించకుండా బజారులోని ఆప్టోమెట్రిస్టే (చూపు పరీక్షించి కళ్లజోడు రాసే నిపుణుడే) చూసుకుంటూ ఉండటం వంటివి. వీళ్లలో చాలామంది అసలు ఎంబీబీఎస్ డాక్టర్లే కారు.

మూడో మనిషికి రోగి అంటే ఒక జిల్లా, ఒక్కోసారి ఒక దేశం. రోజులో ఒక్క కన్నయినా పరీక్షించకుండా ఉండిపోవచ్చు. పది లక్షల మందిలో అంధులెంతమంది, ఏ కారణంతో, ఉన్న సర్జన్లు ఎక్కడ కూర్చున్నారు, మందులు ఎందుకు అందడం లేదు, డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ చూపు తిరిగొస్తుంది అన్నవి ఈ డాక్టరు ప్రశ్నలు. ఈ ముగ్గురినీ ఒకే పేరుతో పిలవడం వల్ల శిబిరం పెట్టిన ప్రతి ఆసుపత్రీ తాను సామాజిక నేత్ర వైద్యం చేస్తున్నాననుకుంటుంది. ఈ వ్యాసం ప్రధానంగా మూడో మనిషి గురించి. మొదటి ఇద్దరినీ ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించేది కూడా ఆ మనిషే కాబట్టి వాళ్లూ మధ్యమధ్యలో వస్తారు.

కనబడని పిల్లలను లెక్కపెట్టిన డాక్టరు

ఈ చూపు ఎలాంటిదో చెప్పడానికి నాకు ఆల్‌ఫ్రెడ్ సోమర్ కథకు మించింది దొరకలేదు. అమెరికన్ కంటి డాక్టరు, దాంతోపాటు ఎపిడమాలజీ, అంటే జనంలో జబ్బులు ఎవరికి, ఎంతమందికి, ఎందుకు వస్తాయో లెక్కగట్టే శాస్త్రం, కూడా చదువుకున్నాడు. 1970ల చివర్లో ఇండోనేషియా పల్లెల్లో రేచీకటి మీద పనిచేశాడు. విటమిన్ ఎ తక్కువైతే ముందు రేచీకటి వస్తుంది, తర్వాత తెల్లగుడ్డు ఎండి మచ్చలు పడతాయి, ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోతుంది. ఇదంతా పాత సంగతే. కొన్ని వేలమంది పిల్లల్ని ఆయన బృందం మూడు నెలలకోసారి వెళ్లి చూస్తూ వచ్చింది.

మామూలు కంటి డాక్టరైతే వచ్చిన పిల్లల కళ్లు ఎలా మారుతున్నాయో చూసి ఊరుకునేవాడు. సోమర్ కాగితాలు తిరగేస్తూ రాని పిల్లల దగ్గర ఆగాడు. కిందటిసారి రేచీకటి ఉందని రాసుకున్న పిల్లలు తర్వాతి పరీక్షకు కనబడకపోవడం మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఉంది. వాళ్లు ఊరొదిలి పోలేదు. చనిపోయారు. కంటి జబ్బు ముదరని దశలో ఉన్న పిల్లలు సైతం ఎక్కువగా చనిపోతున్నారని 1983లో రాస్తే వైద్యలోకం సులువుగా నమ్మలేదు. తర్వాత సుమత్రా దీవిలోని అచే ప్రాంతంలో 450 ఊళ్లను తీసుకుని, దాదాపు సగం ఊళ్లలో పిల్లలకు ఆరునెలలకోసారి పెద్ద మోతాదు విటమిన్ ఎ ఇచ్చి చూశారు. ఆ ఊళ్లలో పిల్లల మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. 1986లో ఆ ఫలితం అచ్చయింది.

రేచీకటి ఉన్న పిల్లాణ్ని ఆసుపత్రికి తెస్తే ఒక డోసు మందుతో చూపు బాగవుతుంది, అక్కడితో కేసు ముగుస్తుంది. అదే రేచీకటిని ఊరి మొత్తం లెక్కలో పెట్టి చూస్తే, ఆ ఊళ్లో పసిబిడ్డల ప్రాణం ఎంత సన్నని దారం మీద ఉందో చెప్పే గుర్తయింది.

జబ్బును బట్టి పని మారుతుంది

అన్ని కంటి జబ్బులకూ ఒకే రకం కార్యక్రమం పనికిరాదు. కొత్తగా ఈ శాఖలోకి వచ్చినవాళ్లు మొదట దెబ్బతినేది ఇక్కడే.

ట్రకోమానే తీసుకోండి. చిన్నపిల్లల కంటి పుసి నుంచి వేళ్ల ద్వారా, గుడ్డల ద్వారా, ఈగల ద్వారా పాకే బ్యాక్టీరియా వల్ల వచ్చే కంటి జబ్బు. పదే పదే సోకి రెప్ప లోపలి పొర మచ్చపడి ముడుచుకుంటుంది. రెప్ప అంచు లోపలికి మడత పడి, వెంట్రుకలు నల్లగుడ్డును గీకుతూ ఉంటాయి. రెప్ప వేసిన ప్రతిసారీ ఒక గీత. ఏళ్లు గడిచేసరికి కంట్లో పువ్వు వేసి చూపు పోతుంది. పిల్లల పక్కన ఎక్కువ సమయం గడిపేది ఆడవాళ్లు కాబట్టి, దీనితో చూపు పోయేవాళ్లలో ఆడవాళ్ల సంఖ్య మగవాళ్లకు నాలుగు రెట్ల దాకా ఉంటుంది. దీనికి వైద్యం నాలుగు భాగాలు: మడతపడిన రెప్పకు ఆపరేషన్, యాంటీబయాటిక్, ముఖం కడుక్కోవడం, నీళ్లూ మరుగుదొడ్లూ. ఈ నాలుగింటిలో కంటి సర్జన్ చేతిలో ఉన్నది ఒక్కటే. ఇక యాంటీబయాటిక్ సంగతి చూడండి: 1 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో నూటికి పదిమందికి చురుకైన ట్రకోమా ఉంటే, ఆ జిల్లాలో జబ్బు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ అందరికీ ఏడాదికోసారి అజిత్రోమైసిన్ మింగిస్తారు, కనీసం మూడేళ్లపాటు. రోగం లేని మనిషికి మందివ్వడమేంటి అని ఆసుపత్రి డాక్టరు నొసలు చిట్లించవచ్చు. జిల్లాయే రోగి అనుకుంటే ఆ చిరాకు పోతుంది. ఇలాగే ఒమన్, ఘనా, నేపాల్ వంటి దేశాలు ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను వదిలించుకున్నాయి. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్నీ ఆ జాబితాలో చేర్చింది.

శుక్లం దీనికి పూర్తిగా విరుద్ధం. రాకుండా ఆపే మందు లేదు, ముఖం కడుక్కుంటే పోదు. ఆపరేషన్ ఒక్కటే దారి. అందుకే ఇరవయ్యో శతాబ్దంలో శిబిరాల మీద శిబిరాలు పెట్టారు. గుడారాల్లో, బడుల్లో అక్కడికక్కడే కోసేవారు. ఇన్‌ఫెక్షన్లతో కళ్లు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు శిబిరంలో పరీక్ష మాత్రమే, ఆపరేషన్ ఆసుపత్రిలోనే. అయినా మూల ప్రశ్న మిగిలే ఉంది: ఉచితం అన్నాక, బస్సు పెట్టాక, అన్నం పెట్టాక కూడా జనం ఎందుకు రారు? మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి శిబిరాలు జరిగిన పల్లెల్లో 1990లలో ఒక అధ్యయనం చేశారు. కంటి సమస్య ఉన్న పెద్దవాళ్లలో శిబిరానికి వచ్చింది నూటికి ఏడుగురే. ఏళ్ల తరబడి లవాన్ని చూసి సంతోషపడుతున్నవాళ్లకు హారం అలా ఎదురొచ్చింది.

రానివాళ్లు చెప్పిన కారణాలు దాదాపు ప్రపంచమంతా ఒకలాగే ఉంటాయి. భయం. తోడు వచ్చేవాళ్లు లేరు. మనవణ్ని ఎవరు చూసుకుంటారు. వైద్యం ఉచితమే కానీ తోడొచ్చిన కొడుకు రెండు రోజుల కూలి పోతుంది. ఈ వయసులో చూపొచ్చి ఏం చేయాలి. చూపు లోపం ఉన్నవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే, అయినా చాలా దేశాల్లో ఆపరేషన్ బల్ల దాకా వచ్చేది మగవాళ్లే ఎక్కువ. ఇంకో కారణం మాత్రం మన డాక్టర్ల పుణ్యమే: శుక్లం ముదరాలి అన్న మాట. పాత పద్ధతి ఆపరేషన్ల కాలంలో అందులో కొంత నిజం ఉండేది. ఇప్పుడు చూపు మందగించి పనికి అడ్డొస్తే చాలు, ఆపరేషన్ చేయించుకోవచ్చు. ఆ మాట నేర్పిన డాక్టర్లు ఎప్పుడో రిటైరయ్యారు, మాట మాత్రం పోలేదు.

ఇక్కడే మరో చిక్కు. ఆపరేషన్ జరిగితే సరిపోదు, చూపు రావాలి. సరిగా జరగని ఒక్క ఆపరేషన్ ఆ వీధిలో మరో పదిమందిని ఇంట్లోనే కూర్చోబెడుతుంది. అందుకని ఇప్పుడు ఆపరేషన్ల సంఖ్యతో ఊరుకోకుండా, అవసరమైనవాళ్లలో ఎంతమందికి ఆపరేషన్ జరిగి మంచి చూపు కూడా వచ్చింది అని చూస్తున్నారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ 2030 కల్లా చేరాలని రెండు లక్ష్యాలు పెట్టింది: ఈ శుక్లాల కొలమానం 30 శాతం పాయింట్లు పెరగాలి, కళ్లజోళ్ల కొలమానం 40 శాతం పాయింట్లు పెరగాలి. సర్జన్లకు ఇది అంత ఇష్టమైన కొలమానం కాదు. వాళ్ల లవంలోంచి చూపు రాని కళ్లన్నీ తీసేస్తుంది కదా.

నీటికాసుల దగ్గరికొస్తే లెక్క తలకిందులవుతుంది. నొప్పి లేకుండా, పక్కల నుంచి చూపును తినేసే జబ్బు కాబట్టి ఊరూరా తిరిగి అందర్నీ పరీక్షిస్తే బాగుంటుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వెయ్యిమందిని పరీక్షించామనుకుందాం. వాళ్లలో 30 మందికి జబ్బుంది. మన పరీక్ష చాలా మంచిది: జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో నూటికి 90 మందిని సరిగ్గా వదిలేస్తుంది. జబ్బున్న 30లో 27 మంది దొరికారు. జబ్బు లేని 970 మందిలో 97 మందికి కూడా జబ్బుందేమోనని తేలింది. మొత్తం 124 మందికి ఆసుపత్రికి వెళ్లమని చీటీ రాశాం, అందులో 97 మందికి ఏమీ లేదు. వాళ్లు రోజు కూలి పోగొట్టుకుని, భయపడుతూ వెళ్లి, ఏమీ లేదనిపించుకుని వస్తారు. మరుసటి ఏడాది నిజంగా జబ్బున్న పక్కింటాయనకు కూడా వెళ్లొద్దనే చెబుతారు. అందుకే జనం మొత్తాన్ని జల్లెడ పట్టడం కంటే నలభై దాటినవాళ్లు ఏ పని మీద కంటి పరీక్షకు వచ్చినా కంటి నరాన్ని కూడా చూడటం, జబ్బున్నవాళ్ల అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ పిలిపించి చూడటం మేలు. ఆర్భాటంగా జరిగే నీటికాసుల శిబిరాల మీద నాకు పెద్దగా నమ్మకం లేకపోవడానికి కారణం ఈ చిన్న లెక్కే.

మధుమేహం వల్ల రెటీనా (కంటి లోపలి వెనక పొర) దెబ్బతినడం గురించి కూడా ఒక్క మాట. కెమెరాలో ఫొటో తీసి కంప్యూటరే జబ్బు పట్టుకునే పద్ధతికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతిచ్చింది. పట్టుకోవడం సులువైంది. లేజరు చేసే డాక్టరు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ ఫొటో ఫొటోగానే మిగులుతుంది.

కళ్లజోడు ఎవరికీ పట్టదు. అందులో హీరోయిజం లేదు, కట్టు విప్పగానే కన్నీళ్లు పెట్టుకునే ఫొటో దొరకదు. కానీ అస్సాం టీ తోటల్లో నలభై దాటిన కార్మికులకు చత్వారపు కళ్లజోళ్లిచ్చి చూసిన పరిశోధన 2018లో వచ్చింది. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు రోజుకు కోసే ఆకు బరువు, ఇవ్వనివాళ్లతో పోలిస్తే 21.7 శాతం ఎక్కువ పెరిగింది. పని సామర్థ్యాన్ని ఇంత చవగ్గా పెంచే వైద్యం ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు.

సర్జన్ చేతులు, మిగతా చేతులు

ఇంత పనికి డాక్టర్లు చాలరు. ఉన్నవాళ్లూ ఊళ్లలో ఉండరు. అందువల్ల ఎవరు ఏ పని చేయాలన్నది తిరగరాసుకోవడం ఈ శాఖలో సగం విద్య.

మదురైలో 1976లో 11 పడకలతో అరవింద్‌ను మొదలుపెట్టిన డాక్టర్ జి. వెంకటస్వామి చేసింది ప్రధానంగా ఇదే. పల్లెల్లో ఇంటర్ చదివిన అమ్మాయిలను తీసుకుని రెండేళ్లు శిక్షణ ఇచ్చి, చూపు పరీక్ష, కంటి ఒత్తిడి కొలవడం, ఆపరేషన్‌కు సిద్ధం చేయడం అన్నీ వాళ్లకు అప్పగించారు. సర్జన్‌కు మిగిలింది సర్జన్ మాత్రమే చేయగలిగిన పని. రెండు బల్లలు పక్కపక్కనే వేసి, ఒక కన్ను పూర్తయ్యేలోపు రెండోది సిద్ధం చేసి ఉంచుతారు. చేయి తిరిగిన సర్జన్‌కు ఒక్కో శుక్లానికి పది నిమిషాలు కూడా పట్టవు. హైదరాబాద్‌లో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇదే ఆలోచనను జనాభా మెట్లుగా పేర్చింది. అట్టడుగున 5 వేల జనాభాకు ఇల్లిల్లూ తిరిగే ఒక కార్యకర్త, 50 వేల మందికి ఒక విజన్ సెంటర్, 5 లక్షలకు ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి, 50 లక్షలకు పెద్ద ఆసుపత్రి, 5 కోట్లకు అన్నీ ఉన్న కేంద్రం. మెట్టు మెట్టుకూ పది రెట్లు.

ఈ మెట్లలో నాకు ఆసక్తిగా అనిపించేది విజన్ సెంటర్. అక్కడ డాక్టరు ఉండరు. ఇంటర్ తర్వాత ఏడాది శిక్షణ తీసుకున్న విజన్ టెక్నీషియన్ ఉంటారు. ఒక్క సన్నివేశం చూస్తే ఆ శిక్షణ దేనికో తెలుస్తుంది. చూపు ఆనడం లేదని వచ్చినాయనను ఆరు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి అక్షరాల పట్టిక చదివించారు. పై రెండు వరసలు దాటలేదు. అప్పుడు ఆయన కంటి ముందు ఒక నల్ల బిళ్ల పెడతారు. దాని మధ్యలో గుండుసూది మందాన ఒక చిల్లు. "ఆ చిల్లులోంచి చూసి చదవండి." ఆయన నాలుగో వరస, ఐదో వరస చదివేశారు. అద్దం లేదు, మందు లేదు, చూపెక్కడి నుంచి వచ్చింది? చెదిరిన కిరణాలను చిల్లు ఆపేసి, నేరుగా వచ్చేవాటినే లోపలికి పోనిచ్చింది. అంటే లోపల రెటీనా బాగానే ఉంది, కిరణాలు సరిగ్గా కూడటం లేదంతే, కళ్లజోడుతో సరి. చిల్లులోంచి చూసినా చూపు పెరగకపోతే సమస్య మరెక్కడో ఉంది: శుక్లమో, నరమో, రెటీనానో. ఈ రెండో రకాన్ని పై మెట్టుకు పంపాలి. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపాలి అన్న తీర్పు ఆ టెక్నీషియన్‌దే. కంటి పరీక్షకు వచ్చేవాళ్లలో పెద్ద వాటా కళ్లజోడుతో తీరిపోయేదే కాబట్టి, వాళ్లెవరూ పట్నం ఎక్కనక్కర్లేదు.

మెట్ల పైభాగంలో గొడవ ఉంది. కెన్యా, టాంజానియా వంటి దేశాల్లో ఎంబీబీఎస్ లేని క్లినికల్ ఆఫీసర్లకు శుక్లం ఆపరేషన్ కూడా నేర్పారు. డాక్టర్ల సంఘాలకు ఇది మింగుడుపడదు. చేతి నైపుణ్యం డిగ్రీతో రాదన్నది నిజమే. కానీ వాళ్లను ఒంటరిగా మారుమూల ఆసుపత్రికి పంపి, మైక్రోస్కోపు పాడైతే బాగుచేసేవాళ్లు లేక, కటకాలు అందక, పైనుంచి చూసేవాళ్లు లేక వదిలేసిన చోట వాళ్లు చేసిన ఆపరేషన్లూ కొద్దే. ఎంబీబీఎస్ ఉన్న సర్జన్‌ను అలా వదిలేసినా అదే జరుగుతుంది. గొడవ డిగ్రీ మీద జరుగుతోంది, తేలాల్సింది మాత్రం వెనక నిలబడే ఏర్పాటు గురించి.

ఆ ఏర్పాటు ఉంటే ఏమవుతుందో గాంబియా చూపించింది. పశ్చిమ ఆఫ్రికాలో చిన్న దేశం. 1986లో దేశమంతటా కంటి సర్వే చేసి, దాని మీద జాతీయ కార్యక్రమాన్ని కట్టారు. డాక్టర్ హన్నా ఫాల్ దానికి వెన్నెముక. పదేళ్ల తర్వాత 1996లో మళ్లీ సర్వే చేశారు. మధ్యలో జనాభా సగం పెరిగింది. అంధత్వం మాత్రం 0.70 శాతం నుంచి 0.42కు దిగింది. నాకు ఈ కథలో నచ్చేది ఆ రెండో సర్వే. కార్యక్రమం పెట్టినవాళ్లే, ఫలితం ఎలా వస్తుందో తెలియకుండా, తమ హారాన్ని తామే మళ్లీ కొలుచుకున్నారు. చాలాచోట్ల మొదటి సర్వేతోనే సరిపెట్టుకుంటారు.

ఏం నేర్పాలి?

ఎంబీబీఎస్ తర్వాత కంటి వైద్యంలో ఎం.ఎస్. మూడేళ్లు. ఆ మూడేళ్లలో పీజీ విద్యార్థి ధ్యాసంతా శుక్లాల ఆపరేషన్లు ఎన్ని చేతికొచ్చాయన్న దాని మీదే. కమ్యూనిటీ పోస్టింగ్ అంటే శిబిరానికి వెళ్లి రావడం. సీనియర్లు తప్పించుకుని జూనియర్లను పంపే డ్యూటీ. పరీక్షలో అంధత్వ నివారణ కార్యక్రమం మీద ఒక ప్రశ్న వస్తే రాత్రికి రాత్రి బట్టీ పట్టి రాస్తారు. భారతదేశం 1976లోనే జాతీయ అంధత్వ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించిందనీ, 1999లో విజన్ 2020 అనే ప్రపంచ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైందనీ తేదీలు వస్తాయి. నమూనా ఎలా తీయాలో, ఒక మైక్రోస్కోపు కొంటే ఐదేళ్లలో ఎన్ని కళ్లకు పనికొస్తుందో లెక్క కట్టడం మాత్రం రాదు.

అందుకే ఎం.ఎస్. తర్వాత ప్రజారోగ్య చదువు అవసరం. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌లో కంటి ఆరోగ్యం కోసమే ఏడాది మాస్టర్స్ కోర్సు నడుస్తోంది. ఢిల్లీ ఎయిమ్స్ కంటి కేంద్రంలో ఈ శాఖకు విడిగా విభాగం ఉంది. ఆసుపత్రి నిర్వహణ నేర్పడానికి అరవింద్ 1992లోనే ఒక శిక్షణ సంస్థ పెట్టింది. ఎక్కడ నేర్చుకున్నా సరుకు ఇంచుమించు ఒకటే: ఎపిడమాలజీ, గణాంకాలు, ప్రణాళిక, ఖర్చుల లెక్క, మనుషుల్ని నియమించి నిలబెట్టుకోవడం, ప్రభుత్వ అధికారికి అర్థమయ్యేలా రెండు పేజీల్లో మాట చెప్పడం. ఈ చివరిదాన్ని డాక్టర్లు తేలిగ్గా తీసుకుంటారు. జిల్లాకు వచ్చే డబ్బు మాత్రం ఆ రెండు పేజీల మీదే తేలుతుంది. ఇంకొకటి, కత్తి వదిలేయకూడదు. వారానికో రోజైనా ఆపరేషన్ చేయని సామాజిక నేత్ర వైద్యుడి మాటను సర్జన్లు లెక్కచేయరు, బయటికి చెప్పకపోయినా.

వీటన్నిటికంటే ఎక్కువ నేర్పేది సర్వే. పూర్తి స్థాయి సర్వేకు ఏళ్లు పడుతుంది కాబట్టి చాలా దేశాల్లో ర్యాబ్ అనే వేగపు పద్ధతి వాడతారు. అంధుల్లో ఎక్కువమంది యాభై దాటినవాళ్లే కనుక యాభై దాటినవాళ్లనే చూస్తారు. జిల్లాలోని ఊళ్లను జనాభా దామాషాలో చీటీ వేసినట్టు ఎంచుకుంటారు. ఒక్కో చోట సుమారు యాభై మందిని ఒక్క రోజులో చూడాలి. మొదటి ఇల్లు దొరికాక పక్కిల్లు, ఆ పక్కిల్లు అలా పోవాలి. శిక్షణలో ఉన్న డాక్టరుకు ఆరు మీటర్ల తాడు, ఒకవైపు పెద్ద ఇంగ్లిష్ 'E' అక్షరం, మరోవైపు చిన్న 'E' అక్షరం ఉన్న అట్ట ఇస్తారు. ఇంటి ముందు ఎండలో తాడు పరిచి, అట్టను తిప్పుతూ అక్షరం కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపించమనాలి. ఐదుసార్లలో నాలుగుసార్లు సరిగ్గా చూపిస్తే ఆ అక్షరం కనబడినట్టు. ఆ తర్వాత ఇంట్లో చీకటిగా ఉన్న మూలకు తీసుకెళ్లి టార్చి వేసి కటకం చూడాలి.

గంట గడిచేసరికి పై వీధి నుంచి ఎవరో తమ ముసలమ్మను చేయి పట్టుకుని తీసుకొస్తారు. "డాక్టరుగారొచ్చారంట, మా అమ్మను కూడా చూడండి." చూడాలి, చీటీ రాసివ్వాలి. కానీ ఫారంలో రాయకూడదు. చూపు పోయినవాళ్లే వెతుక్కుంటూ వస్తారు, వాళ్లను కలిపితే జిల్లాలో అంధులు నిజంగా ఉన్నదానికంటే ఎక్కువగా తేలతారు. ఎంత చెప్పినా కొత్త డాక్టరు ఇక్కడ ఇబ్బంది పడతాడు, అంత స్పష్టంగా శుక్లాలు కనబడుతుంటే లెక్కలో రాయొద్దంటారేంటని. శుక్లాలుండీ ఆపరేషన్ చేయించుకోనివాళ్లను ఎందుకు చేయించుకోలేదని అడగాలి. ఫారంలో ముందే రాసిపెట్టిన జవాబులు కొన్నుంటాయి: అవసరం అనిపించలేదు, భయం, డబ్బు, వైద్యం ఉందని తెలియదు, వెళ్లే వీలు లేదు. వాటి మధ్యలో ఇంకో గడి: వైద్యం చేసేవాళ్లే వద్దన్నారు. "ముదరలేదన్నారయ్యా" అన్న జవాబుకు ఆ గడిలో టిక్కు పడుతుంది.

సాయంత్రానికి కొన్ని ఇళ్లు మిగిలిపోతాయి. తాళం వేసి ఉన్నది ఒకటి, పొలం నుంచి ఇంకా రాని ముసలాయనది ఒకటి. వాళ్లను వదిలేసి పక్క ఊళ్లో మరో ఇద్దర్ని చూస్తే సంఖ్య సరిపోతుంది కదా అని అనిపిస్తుంది. కుదరదు, చీకటి పడేలోపు మళ్లీ వెళ్లాలి. అప్పటికీ దొరకకపోతే పక్కింటివాళ్లను అడగాలి: ఆయనకు చూపు ఆనుతుందా, కర్ర పట్టుకుని నడుస్తాడా, కంటికి ఆపరేషన్ ఎప్పుడైనా జరిగిందా? ఫారంలో పరీక్షకు దొరకనివాళ్ల కోసం విడిగా ఒక భాగం ఉంటుంది. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి చెప్పింది అందులో రాసుకుని, తాడు చుట్టుకుని బయల్దేరతారు.